నీలిమందు నుంచి ఇథనాల్ దాకా

ఇటీవల మన పాలకుల పదకోశంలో ఒక కొత్త మాట చేరింది: జీవ ఆర్థిక వ్యవస్థ. చెట్టు, పంట, పశువు, సూక్ష్మజీవి – వీటినుంచి ఇంధనమూ, రంగూ, మందూ, ప్లాస్టిక్కూ తయారుచేసుకుని, నేల అడుగునుంచి తోడితీసే చమురు బదులు వాడుకోవటమే దీని సారాంశం. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ‘బయో ఇ3’ అనే విధానాన్ని ఆమోదించింది. 2014లో వెయ్యి కోట్ల డాలర్ల విలువ చేసిన ఈ రంగం 2024 నాటికి 16,570 కోట్ల డాలర్లకు పెరిగిందనీ, 2030 నాటికి దాన్ని 30,000 కోట్ల డాలర్లకు పెంచాలనీ ప్రభుత్వం చెబుతున్నది. ఈ మాటకు తోడుగా వచ్చే మరో మాట సుస్థిరాభివృద్ధి. రేపటి తరాల అవసరాలకు ఎసరు పెట్టకుండా నేటి తరం అవసరాలు తీర్చుకోవటమే ఆ మాటకు అర్థమని 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ సంఘం నిర్వచించింది.

రెండు మాటలూ మంచివే. చమురు మండించి ప్రపంచాన్ని వేడెక్కిస్తున్న నాగరికత మారక తప్పదన్నది నిర్వివాదాంశం. కాని మంచి మాట వినిపించినప్పుడల్లా అది ఎవరి నోటినుంచి వస్తున్నదో, ఎవరి పొలంమీద అమలవుతున్నదో చూడటం మన విధి. నేను ఆర్థిక శాస్త్రజ్ఞుణ్ణి కాను. తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకునేవాణ్ణి. అయితే సాహిత్యం చదివేవాడికి ఒక అలవాటు వుంటుంది: మాట పుట్టుపూర్వోత్తరాలు వెతకటం. ఈ మాట కొత్తదిగాని, వస్తువు పాతది. పంటను పారిశ్రామిక ముడిసరుకుగా మార్చి ప్రపంచ మార్కెట్టుకు ఎక్కించటం ఈ దేశంలో రెండున్నర శతాబ్దాలుగా సాగుతున్న వ్యవహారం. ఆ చరిత్రను మూడు మొక్కల ద్వారా చెప్పటానికి ప్రయత్నిస్తాను: నీలి, అడవి ఆముదం, మొక్కజొన్న. ప్రతిదానికీ మూడే ప్రశ్నలు వేద్దాం. భూమి ఎవరిది? ఏ పంట వేయాలో నిర్ణయించేది ఎవరు? మార్కెట్టు కూలిన నాడు నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

1

మచిలీపట్నం కలంకారీ గుడ్డలు సముద్రాలు దాటిన రోజుల్లో వాటి ఎరుపు చిరివేరు నుంచి వచ్చింది, నీలం నీలిమందు నుంచి వచ్చింది. రసాయన కర్మాగారం పుట్టకముందు ప్రపంచమంతా రంగుకోసం మొక్కలమీదే ఆధారపడింది. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో 19వ శతాబ్దమంతా రైతులు నీలి పండించారు. కనక ‘ప్రకృతి ఆధారిత పరిశ్రమ’ మనకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు.

ఆ విద్య వలసపాలనలో ఏమయిందో బెంగాలు చెబుతుంది. 18వ శతాబ్ది చివర ఐరోపా బట్టల మిల్లులకు నీలం కావలసివచ్చింది. వెస్టిండీసు తోటదొరలు నీలి వదలి చెరకుకూ కాఫీకీ మళ్ళారు. అమెరికా వలస రాష్ట్రాలు చేజారాయి. ఆ కొరతను తీర్చే బాధ్యత బెంగాలు రైతు మీద పడింది. బిఘాకు రెండు రూపాయల బయానా ఇచ్చి, రైతు పొలంలో మేలయిన భాగంలో, వరి పండవలసిన చోట, నీలి వేయించేవారు. వచ్చిన ఆకుకు తోటదొర కట్టిన వెల బయానాకు చాలేది కాదు. బాకీ మరుసటి ఏటికి, తండ్రినుంచి కొడుక్కి దిగేది. ఒకసారి బయానా పుచ్చుకున్న కుటుంబం ఆ పద్దులోంచి బయటపడటం దుర్లభం.

1859లో నదియా జిల్లాలో విష్ణుచరణ్ విశ్వాస్, దిగంబర్ విశ్వాస్ నాయకత్వాన రైతులు ఇక నీలి వేయమన్నారు. ఆ మాట జిల్లాలు దాటింది. 1860లో ప్రభుత్వం మొదట చేసిన పని ఏమిటి? బయానా తీసుకుని నీలి వేయనివాణ్ణి శిక్షించటానికి ఆరు నెలల తాత్కాలిక చట్టం. దానితోపాటే విచారణ సంఘాన్ని గూడా వేయక తప్పలేదు. రైతును బలవంతపెట్టి నీలి సాగు చేయించారన్న సంగతి ఆ సంఘం ముందు సాక్ష్యాలతో రుజువయింది.

ఆ ఏడాదే తపాలా శాఖలో పనిచేసే దీనబంధు మిత్ర ‘నీల్ దర్పణ్’ నాటకం రాశాడు. ఢాకాలో, రచయిత పేరు లేకుండా అచ్చయింది. దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు జేమ్స్ లాంగ్ అనే మతబోధకుడికి 1861లో నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. జరిమానా సొమ్ము కాళీప్రసన్న సింహ అప్పటికప్పుడు చెల్లించాడు. సాహిత్యానికి సమాజంతో పనేమిటని నేటికీ అడిగే మిత్రులు ఈ సంఘటనను గురించి ఒక్క నిమిషం ఆలోచించాలి. నీలం ఎగుమతి లెక్కలు ప్రభుత్వ కాగితాలలో ఎప్పుడూ వున్నాయి. ఆ నీలం వెనకనున్న మనిషిని లెక్కలోకి తెచ్చింది నాటకం.

తరవాతి అంకం చంపారన్‌లో జరిగింది. జర్మనీ రసాయన కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. 1897లో కృత్రిమ నీలాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. మొక్క నీలం ధర పడిపోయింది. బిఘాకు ఇరవై కఠాలుంటే మూడు కఠాల్లో విధిగా నీలి వేయాలన్న ‘తీన్‌కఠియా’ నిబంధన ఇక తోటదొరకు అక్కరలేదు. అయితే రైతు సుఖపడ్డాడా? లేదు. నీలి వేయనక్కరలేదని విడుదల చేసినందుకు గూడా తోటదొరలు రైతులచేత ధర కట్టించారు. కొందరికి శిస్తు పెంచారు – దాన్ని ‘శరాబేషీ’ అన్నారు. కొందరినుంచి ఏకమొత్తం గుంజారు – అది ‘తావాన్’. రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు పట్టు వదలక గాంధీజీని అక్కడికి రప్పించింది ఈ బాధతోనే. 1917 విచారణ, 1918 చట్టం తీన్‌కఠియాను రద్దు చేశాయి.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. నీలి రైతును రసాయన శాస్త్రం విముక్తుణ్ణి చేసిందని కొందరు రాస్తారు. మొక్క స్థానంలో యంత్రం వస్తే పీడన తనంత తాను పోతుందని వారి భావం. కృత్రిమ నీలం వచ్చిన ఇరవై ఏళ్ళకుగాని చంపారన్ రైతుకు విముక్తి రాలేదు. వచ్చింది గూడా పోరాటం వల్లనే. దీనికి ఎదురుగా నేడు మరో అపోహ బయలుదేరింది: రసాయనం స్థానంలో మొక్క వస్తే అంతా శుభమేనని. నీలిమందుకన్నా ‘జీవ ఆధారితం’ ఏముంటుంది? అది నేలలో పుట్టి నీటిలో పులిసిన సరుకు. మొక్కకు గాని యంత్రానికి గాని న్యాయం సహజగుణం కాదు. అది ఉత్పత్తి సంబంధాలలో వుండాలి.

2

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చరిత్ర మరో దారి పట్టే అవకాశం వచ్చింది. మొలాసిస్‌నుంచి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలపటానికి 1948లోనే ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. అది అలంకారప్రాయంగా మిగిలి 2000లో రద్దయింది. చక్కెర పరిశ్రమలో సహకార ప్రయత్నాలు అంతకుముందే మొదలయ్యాయి. విశాఖ ప్రాంతంలోని ఏటికొప్పాక సహకార కర్మాగారం 1930ల నాటిది. మహారాష్ట్రలో ప్రవరానగర్ రైతులు ఆర్థికవేత్త ధనంజయరావు గాడ్గిల్ అండతో తమ కర్మాగారాన్ని తామే నిలబెట్టుకున్నారు. బోధన్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం తరవాత ప్రభుత్వరంగ సంస్థ అయింది. పంట పండించినవాడికి పరిశ్రమలో వాటా వుండవచ్చునని ఇవి చూపించాయి. వీటిలో పెద్ద రైతుల పెత్తనమూ, రాజకీయ నాయకుల ఆధిపత్యమూ చొరబడ్డాయన్నది నిజమే. కాని ఆ రోగానికి చేసిన చికిత్స ఏమిటి? నిజాం చక్కెర కర్మాగారంలో మెజారిటీ వాటాను 2002లో ప్రైవేటు చేతులకిచ్చారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరకునుంచి ఇంధనం తీయటమే జాతీయ కర్తవ్యమని కేంద్రం ప్రచారం చేసిన ఆ దశాబ్దంలోనే చెరకు రైతు కళ్ళముందు కర్మాగారం తలుపులు మూసుకున్నాయి.

ఇక రెండో మొక్క. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ అడవి ఆముదంనుంచి డీజిలు తీయవచ్చునని చెప్పి, దేశంలో కోటీ పన్నెండు లక్షల హెక్టార్లలో దాన్ని నాటాలని లెక్క వేసింది. 2011–12 నాటికి డీజిలులో ఇరవై శాతం దీని నూనే కలుస్తుందన్నారు. ఈ మొక్క గుణగణాలను వర్ణించిన తీరు చూడండి: నీరు అక్కరలేదు, బంజరులో బతుకుతుంది, పశువు ముట్టదు. మూడో గుణమే మనకు గీటురాయి. పశువు ముట్టకపోవటం ప్రణాళిక రాసినవాడికి లాభం, గొర్రెల కాపరికి నష్టం. ‘బంజరు’ అనేది శిస్తు కట్టని భూమికి రెవెన్యూ శాఖ పెట్టిన పేరు. గ్రామంలో అది పశువుల మేత, పేదింటి వంటచెరకు, కరువునాటి ఆకూకాయా. ఎవరూ వాడని భూమి అని కాగితం చెప్పే చోట చాలామంది నిరుపేదల జీవితం వుంటుంది.

తుదకు ఆ మొక్క తన మీద రాసిన కవిత్వాన్ని తానే ఖండించుకుంది. నీరూ సారమూ లేని నేలలో గింజ సరిగా కాయలేదు. కాయాలంటే మంచి నేల, తడి కావలసివచ్చాయి. కోటి హెక్టార్ల కల కాగితంమీదే మిగిలింది. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి ఇరవై శాతం అన్నది. డీజిలులో ఒక శాతం గూడా కలవలేదు. నమ్మి నాటిన చిన్నరైతు మొక్కలు పీకి మళ్ళీ పాత పంటకు వచ్చాడు. నష్టం ఎవరిదన్న మూడో ప్రశ్నకు ఇక్కడా నీలి కాలం నాటి సమాధానమే దొరికింది.

అదే రోజుల్లో ఆదిలాబాదు అడవుల్లో చిన్న ప్రయోగం ఒకటి జరిగింది. జైనూరు మండలంలోని పవర్‌గూడ గోండుల గ్రామం. అక్కడి స్త్రీల సంఘాలు తమ పరిసరాల్లో ఎప్పటినుంచో వున్న కానుగ చెట్ల గింజలు ఏరి, గ్రామంలోనే గానుగ పెట్టి నూనె తీశాయి. నూనె ఇంధనమయింది, పిండి పొలానికి ఎరువయింది. డీజిలు బదులు ఈ నూనె వాడటంవల్ల తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లకు కొన్నది. అప్పటి మారకం ప్రకారం అది ముప్పై వేల రూపాయలకు లోపే. సంపన్న దేశాలు గాలిని పాడుచేసుకునే హక్కును ఇంత చవకగా కొనుక్కోవటం సామ్రాజ్యవాదపు కొత్త వాణిజ్యం కాదా అని ఎవరయినా అడిగితే నా దగ్గర అభ్యంతరం లేదు. కాని ఆ గ్రామంలో చెట్టు గ్రామానిది, గానుగ గ్రామానిది, నిర్ణయం స్త్రీల సంఘానిది. ఎవరి వరిచేనూ మారలేదు, ఎవరి మేతబీడూ పోలేదు. మన మూడు ప్రశ్నలకూ సరయిన సమాధానం అసాధ్యం కాదనటానికి ఈ చిన్న సాక్ష్యం చాలు. దీన్ని పెంచి పోషించాలన్న శ్రద్ధ ప్రణాళికలో కోటి హెక్టార్ల కలమీద వున్నంతగా లేదు.

3

నేటి కథానాయకుడు ఇథనాల్. 2003లో అయిదు శాతంతో మొదలయిన పథకం పదేళ్ళకు గూడా రెండు శాతం దాటలేదు. 2018 విధానం 2030 నాటికి ఇరవై శాతం అన్నది. 2021లో ఆ గడువును 2025–26కు ముందుకు జరిపారు. 2022లో పది శాతం, 2025లో ఇరవై శాతం కలిసింది. 2014 నుంచి లక్ష కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని ప్రభుత్వం లెక్క చెబుతున్నది. చమురుకోసం పరాయి దేశాల ముందు చేయి చాచే దేశానికి ఇది చిన్న విషయం కాదు. దీన్ని తేలికచేసి మాట్లాడటం మనకు తగదు.

మా తరగతిలో ఒక విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు. ‘‘మాష్టారూ, మా నాన్న మొక్కజొన్న వేస్తాడు. ఇథనాల్ వచ్చాక క్వింటాలుకు ధర పెరిగింది. మీరు దీన్ని ఎందుకు అనుమానిస్తున్నారు?’’ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేని విమర్శ విమర్శ కాదు.

2023–24లో మొక్కజొన్న ధర పెరిగిన మాట నిజం. ఆ పెరుగుదల ఎక్కడెక్కడికి పాకిందో చూద్దాం. మొక్కజొన్న కోళ్ళ మేత. మేత ధర పెరిగి కోళ్ళ పరిశ్రమ గగ్గోలు పెట్టింది. మొక్కజొన్న ఎగుమతి చేస్తూ వచ్చిన దేశం 2024లో దిగుమతి చేసుకునే దేశమయింది. చమురు దిగుమతి తగ్గించటానికి గింజ దిగుమతి! ఇథనాల్ తీసిన తరవాత మిగిలే పిప్పి చవక మేతగా మార్కెట్టులోకి వచ్చి సోయా పిండికి పోటీ అయింది. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఆదిలాబాదు సోయా రైతులు 2024–25లో మద్దతు ధర 4,892 రూపాయలు గూడా అందక నష్టపోవటానికి వున్న కారణాలలో ఇది ఒకటి. ఇక మొక్కజొన్న రైతయినా నిలదొక్కుకున్నాడా? 2025 వానకాలపు పంటకు మద్దతు ధర 2,400 రూపాయలని ప్రకటించారు. కర్ణాటక రైతులు అంతకన్నా ఎంతో తక్కువకు అమ్ముకోవలసి వచ్చి రోడ్లమీదికి వచ్చారు. ఇథనాల్ ధరకు ప్రభుత్వ హామీ వుంది, కొనుగోలుకు చమురు కంపెనీల ఒప్పందం వుంది, కర్మాగారం అప్పుకు వడ్డీ రాయితీ వుంది. గింజకు మాత్రం చట్టబద్ధమయిన హామీ లేదు. గొలుసులో ప్రతి కొక్కేనికీ తాళం వేసి, మొదటి కొక్కేన్ని వదిలేశారు. మీ నాన్నకు ఒక ఏడు వచ్చిన ధర మరుసటి ఏడు ఎందుకు రాలేదన్నదే నా అనుమానమని ఆ విద్యార్థికి చెప్పాను.

తిండిగింజల సంగతి ఇంతకన్నా స్పష్టం. 2023 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం పేదలకు అదనంగా బియ్యం ఇస్తామని, క్వింటాలుకు 3,400 రూపాయలు చెల్లించటానికి సిద్ధపడి ఆహార సంస్థను అడిగింది. రాష్ట్రాలకు అమ్మకం నిలిపివేశామని కేంద్రం జవాబిచ్చింది. అప్పటికి అదే సంస్థ ఇథనాల్ కర్మాగారాలకు 2,000 రూపాయలకే బియ్యం ఇస్తూ వున్నది. నెల తిరగకుండానే అదీ ఆపవలసి వచ్చింది. తరవాత మళ్ళీ మొదలయింది. కడుపుకూ కర్మాగారానికీ ఏది ముందన్న ప్రశ్నకు గుమాస్తా కాగితంమీద వచ్చిన సమాధానం ఇది.

నీటి లెక్క వుంది. చెరకు చక్కెరనుంచి వచ్చే ఒక లీటరు ఇథనాల్ వెనక దాదాపు 2,860 లీటర్ల నీరు ఖర్చవుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. 2016 ఏప్రిల్‌లో మరాఠ్వాడాలోని లాతూరుకు తాగునీళ్ళు రైలుబండిలో తీసుకుపోయారు. మరాఠ్వాడా చెరకు పండించే ప్రాంతం! అక్కడి బీడ్ జిల్లానుంచి వేలాది కుటుంబాలు ఏటా చెరకు కోతకు వలసపోతాయి. పని దినం పోతుందన్న భయంతో, అప్పు భారంతో ఆ స్త్రీలు గర్భసంచులు తీయించుకుంటున్నారన్న వార్తలమీద 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం విచారణ సంఘం వేయవలసి వచ్చింది. ఈ స్త్రీల శరీరాలు ఏ సుస్థిరాభివృద్ధి సూచికలోనూ కనిపించవు.

ఇది మన ఒక్క దేశపు కథే కాదు. 1973 చమురు సంక్షోభం తరవాత 1975లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం చెరకు ఆల్కహాలు పథకం పెట్టింది. సాంకేతికంగా అది ఘనవిజయం. అయితే భూములు పెద్ద ఎస్టేట్ల కిందికి పోయాయి. నిలువ నీడలేని కోత కూలీలకు అక్కడ పెట్టిన పేరు ‘చల్లారిన కూటివాళ్ళు’. మన భాషలో చెప్పాలంటే చద్దిమూటల వాళ్ళు. 1989లో చక్కెర ధర పెరిగేసరికి మిల్లులు అటు తిరిగాయి. ఆల్కహాలు కార్లు కొన్నవాళ్ళు ఖాళీ బంకుల ముందు నిలబడ్డారు.

4

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023 అక్టోబరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో, గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025 జూన్‌లో ఇథనాల్ కర్మాగారాలకు వ్యతిరేకంగా గ్రామాలు కదిలాయి. వాగు పాడవుతుందన్నారు, పొలాలు పోతాయన్నారు, మమ్మల్ని ఎవరూ అడగలేదన్నారు. దిలావర్‌పూర్‌లో ప్రభుత్వం పనులు ఆపింది. మిగిలిన చోట్ల లాఠీలూ కేసులూ వచ్చాయి. ‘ఎవరూ అడగలేదు’ అన్న మాట ఆవేశంలో వచ్చింది కాదు. పెట్రోలులో కలిపే ఇథనాల్ కర్మాగారాలను, కొన్ని షరతులమీద, ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేని తరగతిలోకి 2021లో కేంద్ర పర్యావరణ శాఖే మార్చింది. 1860లో బయానాకు ఎదురు తిరిగినవాడిమీద ప్రత్యేక చట్టం తెచ్చారు. 2021లో అభిప్రాయం అడిగే శ్రమే లేకుండా చేశారు.

ఈ గ్రామాలను గురించి మన అభ్యుదయ శిబిరంలో గూడా రెండు రకాల మాటలు విన్నాను. ఒకటి: పరిశ్రమను అడ్డుకోవటం వెనకబాటుతనం, ఉత్పత్తి శక్తుల వికాసాన్ని ఆపరాదు. రెండోది: పరిశ్రమే పాపం, పల్లె తన మానాన తాను వుంటే చాలు. మొదటి మాట పొగగొట్టాన్నే ప్రగతి అనుకుంటుంది. రెండోది పల్లెలో వున్న కులాన్నీ, కౌలునూ, కరువునూ మరచిపోతుంది. పెద్దధన్వాడ రైతు ఈ రెండూ అనలేదు. నా నీరు, నా నేల, నా మాట లేకుండా నా అభివృద్ధి ఎలా జరుగుతుందని అతడు అడిగాడు. ఇది వెనకబాటుతనం కాదు. ప్రజాస్వామ్యపు మొదటి పాఠం.

కాబట్టి మన వైఖరి నిరాకరణ కాకూడదు, షరతులు కావాలి. చౌకడిపోకూ అంగన్‌వాడీకీ చాలినన్ని గింజలు చేరాకే కర్మాగారం మాట. పంటకన్నా ముందు పంట వ్యర్థం వాడాలి. 2022లో పానిపట్టులో ప్రభుత్వరంగ చమురు సంస్థ వరిగడ్డినుంచి ఇథనాల్ తీసే కర్మాగారం పెట్టింది. ఆ దారిలో ఖర్చు, కష్టం వున్నా అది నడవదగిన దారి. గ్రామసభ తీర్మానం, బహిరంగ విచారణ తిరిగి తప్పనిసరి కావాలి. ఇథనాల్‌కు ఇచ్చిన ధర హామీ గింజకు చట్టంగా రావాలి. కౌలు రైతు పేరు ఆ చట్టంలో వుండాలి. బోధన్ వంటి కర్మాగారాలు ప్రభుత్వ, సహకార రంగాలలో, రైతులకూ కార్మికులకూ ఓటుండే పద్ధతిలో నడవాలి. కోత కూలీకి కనీస వేతనం, వైద్యం, ప్రసూతి సెలవు లేని ఇంధనాన్ని పచ్చని ఇంధనం అనరాదు.

చివరగా నాతోటి అధ్యాపకులకూ విద్యార్థులకూ ఒక పని. మీ జిల్లాలో ఏ పంట ఏ కర్మాగారానికి పోతున్నదో, ఏ వాగు నీరు ఎటు మళ్ళుతున్నదో, ఎవరి పేర అనుమతి వచ్చిందో సెలవుల్లో వెళ్ళి రాసుకు రండి. దీనబంధు మిత్ర నౌకరీ చేసుకుంటూనే తాను తిరిగిన ఊళ్ళలో చూసింది రాశాడు. జీవ ఆర్థిక వ్యవస్థ లెక్కలు కోట్ల డాలర్లలో అచ్చవుతూనే వుంటాయి. ఆ లెక్కలో మనిషి పద్దును మనం రాయకపోతే మరెవరూ రాయరు.